యాభై దాటాక బరువులెత్తొచ్చా? రోజూ నడిస్తే సరిపోదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీకు 54, మీ ఆవిడకు 49. ఇద్దరూ రోజూ పొద్దున్నే పార్కులో గంటసేపు నడుస్తారు. మీకు ఆరేళ్లుగా షుగరు ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. ఆవిడకు 38వ ఏట గర్భసంచి తీసేశారు, ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. మొన్న కారు డిక్కీలోంచి 26 కేజీల బియ్యం బస్తా తీయబోతే మీకు నడుం పట్టేసింది. అబ్బాయేమో ఇద్దర్నీ జిమ్‌లో చేరమంటున్నాడు. చుట్టాలేమో ఈ వయసులో బరువులెత్తితే మోకాళ్లలో గుజ్జు అరిగిపోతుందంటున్నారు. ఇంత నడుస్తున్నా బలం ఎందుకు తగ్గుతోంది, బరువులు మొదలుపెట్టాలా వద్దా అని అడిగారు.

మొదలుపెట్టండి, ఇద్దరూ. వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట నుంచి ముప్పావుగంట చాలు. నడక మానొద్దు, కానీ ఈ పని నడక వల్ల కాదు. జిమ్‌లో చేరితే మంచిదే, చేరకపోయినా ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందుగా మీరు కళ్లు చూపించుకోవాలి, మీ ఆవిడ ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోవాలి. కారణాలు కింద రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

నేను విజయనగరంలో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నలభై అయిదు దాటినవాళ్లే. నడుం నొప్పి, మోకాళ్లు, భుజం పట్టేయడం, బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్లు. వీళ్లలో చాలామంది రోజూ నడిచేవాళ్లే. కాబట్టి మీ అనుమానం మీ ఒక్కరిదే కాదు.

మా ఉత్తరాంధ్రలో సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం కూడా ఇటువైపే. బరువులెత్తడం మాకు కొత్త కాదు. అయితే అది కుర్రాళ్ల పందెమనీ, పహిల్వాన్ల పని అనీ ముద్ర పడిపోయింది. నిజానికి ఇరవై అయిదేళ్ల కుర్రాడికంటే అరవై ఏళ్ల మనిషికే దీని అవసరం ఎక్కువ. కుర్రాడు ఏమీ చేయకపోయినా కండ కొంతకాలం నిలబడుతుంది. అరవైల్లో ఏమీ చేయకపోతే కరిగిపోతుంది.

ముప్పై దాటిన దగ్గర్నుంచి పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది. అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. కండ కంటే బలం మరింత తొందరగా పోతుంది. ముందుగా పోయేవి ఒక్కసారిగా జోరుగా పనిచేసే కండర పోగులు. కాలు జారినప్పుడు చప్పున నిలదొక్కుకునేది వాటితోనే. బస్సు కదిలాక కమ్మీ గట్టిగా పట్టుకునేదీ వాటితోనే. నడకలో ప్రతి అడుగూ తేలికే, వేల అడుగులు వేసినా శరీరం ఆ పోగుల్ని లేపదు. గుండెకు, షుగరుకు, నిద్రకు, మనసుకు నడక చాలా మేలు చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ పోగులు పనిలోకి దిగాలంటే, పదోసారి ఎత్తేసరికి కష్టమనిపించే బరువు ఉండాలి.

యోగా గురించి కూడా అడుగుతారని ముందే చెప్తున్నా. ఆసనాల వల్ల బ్యాలన్స్, వంపు, శ్వాస బాగుపడతాయి. చేస్తుంటే కొనసాగించండి. కాకపోతే అక్కడ ఎత్తేది మన ఒంటి బరువే, అది నెలనెలా పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండరాల్ని బలపరిచే వ్యాయామం చేయమని నడకతో కలపకుండా విడిగానే రాశారు. 65 దాటినవాళ్లకు వారానికి మూడు రోజులైనా బ్యాలన్స్ మీద పని చేయమన్నారు.

బలం తగ్గిన సంగతి చాలామందికి తెలియకపోవడానికి కారణం, మనం తెలియకుండానే సర్దుకుపోతాం. భోజనాల్లో పంక్తిలో కింద కూర్చోవడం మానేసి టేబుల్ వెతుక్కుంటాం. గుళ్లో ప్లాస్టిక్ కుర్చీ అడుగుతాం. కింద కూర్చున్నాక లేవాలంటే ఓ చెయ్యి నేలకు, ఇంకోటి మోకాలికి ఆనిస్తాం. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటాం. ఇండియన్ టాయిలెట్ తీయించేసి వెస్టర్న్ పెట్టిస్తాం. ఒక్కొక్కటీ చిన్న సౌకర్యమే. కానీ ఒక్కోటి మానేసినప్పుడల్లా తొడలకు ఆ రోజు దొరికే కాస్త పనీ పోతుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. డైనింగ్ టేబుల్ కుర్చీని గోడకు ఆనించండి, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, అది వద్దు. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి, పక్కన ఎవరైనా ఫోన్‌లో టైమ్ చూడాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండబలం తగ్గిందని అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో ప్రమాణం పెట్టింది. ఇంకో పద్ధతి, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టడం. 60–64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 చేయలేకపోతే సగటు కంటే తక్కువ అన్నట్టు. మీ ఇద్దరికీ ఇంకా అరవై రాలేదు కాబట్టి అంతకంటే ఎక్కువే రావాలి. ఆ అంకెలు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, మూడు నెలల తర్వాత పనికొస్తాయి.

"ఈ వయసులో మొదలుపెడితే ఏం వస్తుంది" అనేవాళ్లకు నేను చెప్పే సంగతి ఒకటుంది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలపాటు తొడ కండరాలకు బరువులు ఎత్తించారు. తొమ్మిదిమంది పూర్తిచేశారు. వాళ్ల తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. మీరు వాళ్లకంటే ముప్పై, నలభై ఏళ్లు చిన్నవాళ్లు.

ఇక మీ ఆవిడ విషయం. నా ఉద్దేశంలో మీకంటే ఆవిడే ముందు మొదలుపెట్టాలి.

మన దగ్గర గర్భసంచి ఆపరేషన్లు చాలా ఎక్కువ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం మందికి, తెలంగాణలో 7.7 శాతం మందికి ఆ ఆపరేషన్ అయింది. దేశం మొత్తానికి చూస్తే అది 3.2 శాతమే. నా దగ్గరికి నలభై రెండు, నలభై మూడేళ్లకే నడుం నొప్పితో వచ్చే ఆడవాళ్లను అడిగితే "ముప్పై అయిదుకే తీసేశారండి" అంటారు. అండాశయాలు కూడా తీశారా అంటే చాలామందికి తెలియదు. ఎవరూ చెప్పి ఉండరు.

ఇది తెలుసుకోవడం చాలా ముఖ్యం. అండాశయాలు కూడా తీసేస్తే, ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోను అప్పటినుంచే పడిపోతుంది. వాటిని ఉంచినా, ఆపరేషన్ కానివాళ్లలో కంటే కొంచెం ముందుగానే అవి పని మానేయొచ్చు. గర్భసంచి లేదు కాబట్టి ముట్లు ఆగడమనే గుర్తు ఉండదు, ఆ మార్పు ఎప్పుడు వచ్చిందో ఆవిడకే తెలియకపోవచ్చు. ఈస్ట్రోజెన్ తగ్గిన తొలి ఐదు నుంచి ఏడేళ్లలో ఎముక సాంద్రత 20 శాతం దాకా పడిపోవచ్చు. అందుకే పాత డిశ్చార్జ్ కాగితాలు వెతికి అండాశయాల గురించి ఏం రాశారో చూడండి. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. అందులో టి-స్కోరు అనే అంకె మైనస్ 1 కంటే మెరుగ్గా ఉంటే మామూలే. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్యలో ఉంటే ఎముక పలచబడుతోందని. మైనస్ 2.5 లేదా అంతకంటే కిందికి ఉంటే బోలు ఎముకల జబ్బు.

పలచబడిన ఎముకకు బరువులు ప్రమాదం కదా అని చాలామంది డాక్టర్లు కూడా భయపడుతుంటారు. ఆస్ట్రేలియాలో దీని మీదే ఒక పరిశోధన జరిగింది. ముట్లు ఆగిపోయి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఎనిమిది నెలలపాటు వారానికి రెండుసార్లు అరగంట చొప్పున, దగ్గరుండి నేర్పేవాళ్ల సమక్షంలో, బాగా బరువైన బార్‌బెల్స్ ఎత్తింది. వాళ్ల వెన్నెముక సాంద్రత సగటున 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన రెండో జట్టులో 1.2 శాతం తగ్గింది. ఇక్కడ "దగ్గరుండి నేర్పేవాళ్లు" అన్న మాట మర్చిపోవద్దు. టి-స్కోరు బాగా తక్కువుంటే యూట్యూబ్ చూసి సొంతంగా చేయొద్దు. ముందుకు వంగి బరువెత్తడం, పడుకుని పొట్ట మడిచి లేచే క్రంచెస్ అసలు వద్దు. పలచబడిన వెన్నుపూస ముందుభాగం అలాంటప్పుడే నలిగిపోతుంది.

గర్భసంచి తీశాక బరువులెత్తకూడదని ఆవిడకు ఆపరేషనప్పుడు చెప్పే ఉంటారు. ఆ జాగ్రత్త మొదటి కొన్ని వారాలకే. పదకొండేళ్లయ్యాక అది వర్తించదు. కాకపోతే ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలాలి. కింద బరువుగా, జారుతున్నట్టు అనిపించినా, దగ్గినప్పుడు తుమ్మినప్పుడు మూత్రం పడుతున్నా ఆపి గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. సిగ్గుపడి దాచుకునేవాళ్లే ఎక్కువ. మీరే అడగండి.

మోకాళ్ల సంగతికొద్దాం. "గుజ్జు అరిగిపోయింది, ఇక కదలకు" అన్న సలహా వల్ల జరిగిన నష్టం నేను రోజూ చూస్తున్నాను. మోకాలి మీద పడే భారంలో కొంతభాగాన్ని తొడ ముందు కండరం మోస్తుంది. నొప్పని కదలకపోతే ఆ కండరం పలచబడుతుంది, అది పలచబడితే కీలు మీద భారం పెరుగుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. మోకాలి అరుగుదలకు ప్రపంచమంతా ముందుగా సూచించే వైద్యం వ్యాయామమే, అందులోనూ తొడలను బలపరిచేది. చేసేటప్పుడు పదికి మూడు, నాలుగు మార్కుల నొప్పి వచ్చినా ఫర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలైపోవాలి. మర్నాడు కూడా పెరిగే ఉంటే బరువు తగ్గించండి, మానేయకండి. మోకాలు వాచినా, బిగుసుకుపోయి ఆగిపోతున్నా, ఉన్నట్టుండి ఒరిగిపోతున్నా అప్పుడు మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాలి.

రిటైరైన ఒక టీచరమ్మ, 67 ఏళ్లు, నా దగ్గరికి వచ్చినప్పుడు దీపం పెట్టడానికి కింద కూర్చుంటే లేపడానికి కోడలు రావాల్సి వచ్చేది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయింది. అందుకని కుర్చీ మీద రెండు గట్టి దిండ్లు వేసి ఎత్తు పెంచాం. ఆ ఎత్తు నుంచి లేవగలిగింది. పది వచ్చాక ఒక దిండు తీసేశాం, తర్వాత రెండోది. ఆ తర్వాత మనవడి పాత స్కూల్ బ్యాగులో రెండు కిలోల ఇడ్లీ రవ్వ పెట్టి ఛాతీకి హత్తుకుని లేవమన్నాను. ఏడాది తిరిగేసరికి పది కిలోలతో లేచేది. మోకాలి ఎక్స్‌రే అలాగే ఉంది, గుజ్జేమీ తిరిగి రాలేదు. కింద కూర్చుని లేవడం మాత్రం తిరిగి వచ్చింది, కోడలి సాయం అక్కర్లేకుండా.

ఏం చేయాలి? పేర్లు పెద్దగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రోజూ చేసే పనులే: కూర్చుని లేవడం, నేల మీదున్నది ఎత్తడం, నెట్టడం, లాగడం, మోయడం. ఈ ఐదు వస్తే చాలు.

కూర్చుని లేవడం పైన చెప్పినట్టే. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి, భుజాలంత వెడల్పున పెట్టండి. ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు ఒంగి, అప్పుడు లేవండి. అసలు పని కూర్చునేటప్పుడే ఉంది: దభీమని కూలబడకుండా మనసులో మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. మోకాళ్లు లోపలికి ఒరిగిపోతుంటే బరువు ఎక్కువైనట్టు.

నేల మీదినుంచి ఎత్తడం మీకు ముఖ్యం, ఎందుకంటే నడుం పట్టింది అక్కడే. కారు డిక్కీ అంచు మనల్ని బస్తాకు దూరంగా నిలబెడుతుంది. చేతులు చాచి, నడుం ఒంచి, పక్కకు తిరుగుతూ ఒకేసారి లాగుతాం. 26 కేజీలు అంత దూరంలో ఉంటే నడుం మీద పడే భారం అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. ఈసారి ముందు బస్తాను డిక్కీ అంచుదాకా ఈడ్చండి. ఒక మోకాలు బంపరుకు ఆనించి, బస్తాను పొట్టకు హత్తుకుని, ఊపిరి వదులుతూ నిటారుగా లేవండి. తిరగాలంటే పాదాలతో తిరగండి, నడుంతో కాదు. దీన్నే ఇంట్లో తక్కువ బరువుతో సాధన చేయాలి: బ్యాగును ఎత్తు పీట మీద పెట్టి, పిరుదులు వెనక్కి నెట్టి, వీపు తిన్నగా ఉంచి ఎత్తి దించండి. ఐదారు కిలోలతో మొదలుపెట్టండి. మీ నడుం నొప్పి ఇంకా ఉంటే ముందు అది సర్దుకోనివ్వండి. నొప్పి కాల్లోకి జాలుగా దిగుతున్నా, తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నెట్టడానికి గోడ చాలు. గోడకు చేతులు ఆనించి దండీలు తీసినట్టు చేయండి. పదిహేను తేలిగ్గా వస్తుంటే వంటింటి గట్టుకు మారండి, ఆ తర్వాత మంచానికి, చివరికి నేలకు. లాగడానికి రెండు, మూడొందలు పెట్టి ఒక రబ్బరు బ్యాండు కొనుక్కుని కిటికీ గ్రిల్‌కు వేసి, మోచేతులు వెనక్కి వచ్చేలా లాగండి. మోయడానికి రెండు చేతుల్లో రెండు సంచులు సమాన బరువుతో పట్టుకుని వరండాలో నిటారుగా నడవండి. చేతి పట్టును తేలిగ్గా తీసుకోకండి. 17 దేశాల్లో లక్షా నలభై వేలమందిని పరిశీలించి 2015లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో, పట్టు 5 కేజీలు తక్కువైనకొద్దీ మరణాల ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. పట్టు బలహీనమైతే ఒళ్లంతా బలహీనమైందని దాదాపు చెప్పేయొచ్చు.

చివర్లో వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగడం, ఒంటికాలి మీద నిలబడడం రెండు నిమిషాలు. ఒంటికాలి మీద నిలబడడం రోజూ పళ్లు తోముకునేటప్పుడు చేసినా మంచిదే, చేతికి అందేంతలో ఆసరా ఉండాలి.

ఎంత బరువు, ఎన్నిసార్లు? 8 నుంచి 12 సార్లు ఎత్తగలిగే బరువు తీసుకోండి. ఆపేసరికి "ఇంకో రెండు చేయగలను, మూడోది కష్టం" అనిపించాలి. ఇంకో పది చేయగలననిపిస్తే బరువు తక్కువైంది. రెండు నిమిషాలు ఆగి మళ్లీ చేయండి. మొదటి రెండు వారాలు ఒక్కో విడత చాలు, తర్వాత రెండు, మూడు విడతలు. 12 తేలిగ్గా వచ్చిన రోజున కిలో పెంచండి. స్కూల్ బ్యాగులో ఉప్పు ప్యాకెట్లు, రవ్వ ప్యాకెట్లు వేస్తే కిలో చొప్పున పెంచుకోవడం సులువు. సోమవారం, గురువారం అనుకోండి. మధ్యలో కండరానికి విశ్రాంతి కావాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కిలోన్నర డంబెల్స్ కొనుక్కుని మూడేళ్లయినా వాటితోనే చేస్తుంటారు. బరువు పెరగకపోతే బలం పెరగదు. పలాస జీడి పరిశ్రమలో, పొలాల్లో రోజంతా ఒళ్లొంచి పనిచేసే ఆడవాళ్లు "మాకు వ్యాయామం ఎందుకండీ" అని అడుగుతారు. వాళ్ల ఓపిక గొప్పది. కానీ ఏళ్ల తరబడి అదే పని, అదే భంగిమ, అవే కండరాలు. పిరుదులు, వీపు పైభాగం, భుజాలు పరీక్షిస్తే బలహీనంగా ఉంటాయి. వాళ్లకూ ఇదే నేర్పిస్తాను, తక్కువ సమయంలో అయ్యేలా.

మొదలుపెట్టిన మర్నాడు, ఆ తర్వాతి రోజు తొడలు పట్టేస్తాయి. మెట్లు దిగేటప్పుడు బాగా తెలుస్తుంది. రెండు, మూడు రోజుల్లో పోతుంది, దానికి మాత్ర వేసుకోనక్కర్లేదు. మొదటి ఆరు, ఎనిమిది వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలు కండరాల్ని బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వస్తుంది. అద్దంలో తేడా కనిపించడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. అద్దం చూసి నిరుత్సాహపడకండి, క్యాలెండర్ మీద రాసుకున్న అంకె చూడండి.

మీ షుగరు గురించి. తిన్న తర్వాత ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోంచి వెళ్లే గ్లూకోజులో సింహభాగం కండరాల్లోకే వెళ్తుంది. కండ పెరిగితే షుగరుకు చోటు పెరిగినట్టే. ఒకసారి బరువులెత్తితే ఆ ప్రభావం ఒకటి, రెండు రోజులు ఉంటుంది. ఇది మంచి మాటే కానీ మాత్రల పేరు చూసుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి గానీ ఇన్సులిన్ గానీ ఉంటే పడిపోవచ్చు. రిటైరైన ఒక బస్సు డ్రైవరు పొద్దున మాత్ర వేసుకుని, టిఫిన్ వ్యాయామమయ్యాక చేద్దామని ఖాళీ కడుపుతో వచ్చాడు. రెండో విడతకే చెమటలు పట్టి, చేతులు వణికాయి. గ్లూకోజు ఇచ్చి కూర్చోబెడితే కాసేపటికి తేరుకున్నాడు. మీరు ఆ మాత్రల మీద ఉంటే ముందు గ్లూకోమీటరుతో చూసుకోండి, 100 కంటే తక్కువుంటే ఓ అరటిపండు తిని మొదలుపెట్టండి. 250 దాటి ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజు వద్దు.

కళ్లు ఎందుకు చూపించుకోమన్నానంటే, షుగరు వల్ల కంటి వెనక రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే, ఊపిరి బిగబట్టి పెద్ద బరువెత్తినప్పుడు అవి చిట్లి కంట్లో రక్తం చేరే ప్రమాదముంది. ఆరేళ్ల షుగరుకు ఏటా కంటి పరీక్ష ఎలాగూ చేయించుకోవాలి. అరికాళ్లలో తిమ్మిరి ఉంటే చెప్పులు లేకుండా చేయొద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే రక్తంలో బి12 విటమిన్ కూడా చూపించుకోండి, అది తగ్గినా కాళ్లు తిమ్మిరెక్కి బ్యాలన్స్ తప్పుతుంది.

బీపీ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: 180/110 దాటి ఉన్న రోజున చేయొద్దు, ముందు మందులు సరిచేయించుకోండి. స్టెంటు పడినవాళ్లు గుండె డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఎవరైనా సరే, ఎత్తేటప్పుడు బయటికి వినిపించేలా అంకెలు లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టలేరు. ఛాతీలో నొప్పి, బరువు, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే ఆపేసి ఆస్పత్రికి వెళ్లాలి, గ్యాస్ అనుకుని ఇంట్లో పడుకోవద్దు.

తిండి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం నిండా అన్నం పల్చటి పప్పు, రాత్రి చపాతీ బంగాళాదుంప కూర. ఇలా తింటూ బరువులెత్తితే ఫలితం సగమే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క, పెద్దవాళ్లకు ఒంటి బరువులో ప్రతి కేజీకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్. వయసు పైబడినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధాప్య పోషణ నిపుణులు అంటున్నారు. 65 కేజీల మనిషికి 65 నుంచి 78 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలల్లో 6, వంద గ్రాముల చేపలో 18 నుంచి 20. యాభై గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో 12, అందుకే నేను ఇడ్లీ కంటే పెసరట్టు వైపే మొగ్గుతాను. శాకాహారులకు మీల్ మేకర్ మంచి దారి, ఎండువాటి బరువులో సగం ప్రొటీనే. రాత్రి ఒక్కపూట కాకుండా మూడు పూటలా సర్దుకోండి. డబ్బాల్లో అమ్మే పౌడర్లు అవసరం లేదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పెరిగినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచొద్దు. మీ షుగరు దృష్ట్యా ఆ పరీక్ష కూడా ఈ ఏడాది చేయించి ఉండకపోతే చేయించండి.

జిమ్‌కు వెళ్లాలనుకుంటే చేరే ముందు ట్రైనర్‌ను రెండు ప్రశ్నలడగండి: యాభై దాటినవాళ్లకు ఇంతకుముందు నేర్పారా, మోకాలు నొప్పొస్తే ఏం మారుస్తారు. మొదటి రోజే ఒళ్లు హూనమయ్యేలా చేయించేచోట చేరకండి. మీ షుగరు, ఆవిడ ఎముకల రిపోర్టు అడగకుండా బరువు చేతికిచ్చేచోట అసలొద్దు. పండక్కో పెళ్లికో రెండు వారాలు మానేసినా బలం పెద్దగా పోదు. తిరిగొచ్చాక పాత బరువులో మూడోవంతు తగ్గించి మళ్లీ ఎక్కండి.

ఈ సోమవారం మీరు కుర్చీ, గోడ, బ్యాండు ఈ మూడింటితో మొదలుపెట్టొచ్చు. మీ ఆవిడ కూడా డెక్సా వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు, బరువు లేకుండా కుర్చీలోంచి లేవడం, గోడకు నెట్టడం, మునివేళ్ల మీద లేవడం మొదలుపెట్టేయొచ్చు. స్కాన్ అయ్యాక వెన్నెముకకు, తుంటికి విడివిడిగా ఇచ్చే టి-స్కోర్లు, మీ షుగరు మాత్రల పేర్లు, మీ ఇద్దరి 30 సెకన్ల కుర్చీ లెక్క ఇక్కడ రాయండి. వాటిని బట్టి నేల మీదినుంచి ఎత్తడం ఎవరు ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలో చెప్తాను.